మా వీధిలో కొత్తవాళ్ళు లేరు

నాకూ మా ఆయమ్మకూ పడదు. పడదంటే మాటలు లేవని కాదు, మాటలు మరీ ఎక్కువని. పదిహేనేళ్ళుగా ఒకే గదిలో, ఒకే గ్యాసు పొయ్యి దగ్గర, ముక్కులు కారే ముప్పై మంది పిల్లల మధ్య కలిసి పనిచేస్తున్నాం. నేను అంగన్‌వాడీ టీచర్ని, ఆమె మా సెంటర్లో ఆయా. వయసులో నాకంటే పన్నెండేళ్ళు పెద్దది. అయినా ఆమె నన్ను మీరంటుంది, నేను ఆమెను నువ్వంటాను. ఉద్యోగాన్నిబట్టి అలా మొదలైంది. ఓసారి సిగ్గేసి మారుద్దామని చూశాను. "మీరు నన్ను మీరంటే ఎనకాల ఇంకెవరో ఉన్నారేమో అనిపిత్తాదండి, ఒద్దు" అంది. వదిలేశాను.

నేను రిజిస్టర్ల మనిషిని. ఎత్తు, బరువు, టీకా, గుడ్డు, పాలు, అన్నీ గళ్ళలో నిండితేగాని నాకు మనసు నిలవదు. ఆమె గళ్ళు చూడదు, పిల్లల్ని చూస్తుంది. "ఈడికి సాయంత్రానికి జొరం వచ్చేత్తాదండి" అంటుంది. నేను థర్మామీటరు పెట్టి, లేదు పొమ్మంటాను. సాయంత్రానికి వాడి అమ్మమ్మ వచ్చి, ఒళ్ళు కాలిపోతోందని చెబుతుంది. అప్పుడు ఆయమ్మ గిన్నెలు తోముకుంటూ ఊరికే ఓసారి నా వైపు చూస్తుంది. ఆ చూపుకి నాకు ఒళ్ళు మండిపోతుంది. ఆమె లేకపోతే నేను ఈ ఉద్యోగంలో ఏడాది కూడా నిలిచేదాన్ని కాదని ఒప్పుకోవడానికి నాకు చాలాకాలం పట్టింది.

మాది ద్రాక్షారామానికి దగ్గర్లో కాలువ గట్టు మీద ఊరు. నా పెళ్ళైన కొత్తలో చుట్టూ వరే. ఆడవాళ్ళు నాట్లకీ కోతలకీ పిల్లల్ని వెంటబెట్టుకుని వెళ్ళేవారు. గట్టు మీద చీర కట్టి చంటివాళ్ళను ఊపేవారు, కాస్త ఎదిగినవాళ్ళు బురదలో ఆడుకునేవారు. ఎండా వానా ఎలా ఉన్నా పిల్ల కంటి ముందుండేది. ఇప్పుడు సగం చేలు రొయ్యల చెరువులయ్యాయి. చెరువు దగ్గర ఆడవాళ్ళకు పని లేదు. వాళ్ళ పని రొయ్యల కంపెనీలోకి మారింది. తెల్లారి అయిదింటికి కంపెనీ బస్సు మా వీధి చివర ఆగుతుంది. ఇరవై మంది ఎక్కుతారు. పొద్దంతా ఐసు గడ్డల మధ్య నిలబడి రొయ్యల తలలు తీసి, పొట్టు వలిచి, సాయంత్రం ఆరు దాటాక దిగుతారు. షెడ్డులోకి పిల్లల్ని రానివ్వరు.

ఆ ఇరవై సీట్లూ మేస్త్రి చేతిలో ఉంటాయి. కంపెనీకి మనుషుల్ని కుదిర్చేది ఆయనే. వరుసగా మూడు రోజులు రాకపోతే ఆ సీటు పక్క ఊరి మనిషికి వెళ్ళిపోతుంది. కసురుకునే మనిషేం కాదు. "ఏం చెయ్యనమ్మా, బస్సు నిండాలి కదా" అని మెత్తగానే చెబుతాడు. మెత్తగా చెప్పినా సీటు మాత్రం పోతుంది.

మరి అయిదు నుంచి బడి తెరిచే తొమ్మిది దాకా, బడి వదిలే నాలుగు నుంచి బస్సు వచ్చే ఆరు దాకా పిల్లలెక్కడుంటారు? ఈ ప్రశ్న ఇప్పుడు రాయడం తేలికగానే ఉంది. అప్పట్లో నాకు తట్టలేదు. ఎదురింట్లో ఉంటారు, పక్కింట్లో ఉంటారు. మా వీధిలో ప్రతి మగవాడూ పిల్లలకి బాబాయో, మావయ్యో, తాతయ్యో. మాలపల్లి నుంచి వచ్చే పాస్టరుగారూ తాతయ్యే, పాలు పోసే రైతూ మావయ్యే. పేరు పెట్టి పిలిస్తే వెనకనుంచి తల్లి నెత్తిన ఒక్కటేస్తుంది. ఆ పిలుపులంటే నాకు ఇప్పటికీ ఇష్టం. అత్తగారి ఊరికి వచ్చిన మొదటి వారంలో ముక్కూ మొహం తెలియని పిల్లలు "పిన్నీ" అని పిలిస్తే ఏడుపొచ్చినంత సంతోషించినదాన్ని. అందుకే వాటి మీద నాకు అనుమానం రాలేదు.

ఇక ఆ పిల్ల సంగతి. రెండున్నరేళ్ళప్పుడు మా సెంటరుకి వచ్చింది. వచ్చిన రోజే నా కళ్ళజోడు లాగి కాలువలో పడేసింది. గుడ్డిస్తే తెల్లసొన తినేసి, పచ్చసొన గుప్పిట్లో దాచుకుని, ఆయమ్మ కొంగుకి రాసేది. నోరు మూతపడేది కాదు. "ఈవిడ మా టీచరు, మీ టీచరు కాదు" అని మిగతా పిల్లలతో జుట్టూ జుట్టూ పట్టుకునేది. మా సెంటరూ ప్రాథమిక పాఠశాలా ఒకే ఆవరణలో ఉండటంతో, అయిదేళ్ళు నిండి ఒకటో తరగతికి వెళ్ళినా మా గుమ్మం వదల్లేదు. నాకు సొంత పిల్లలు ఇద్దరున్నారు. వాళ్ళు వినరనుకుని చెబుతున్నాను, ఆ పిల్లంటే నాకు కాస్త ఎక్కువ.

తండ్రి సముద్రం వైపు చెరువుల మీద కాపలా ఉండేవాడు. పదిహేను రోజులకోసారి వచ్చి, ఆదివారం యానాం వెళ్ళి తాగొచ్చి, సోమవారం మళ్ళీ వెళ్ళిపోయేవాడు. పిల్ల బాధ్యతంతా తల్లిదే. ఆమెకు బస్సులో సీటు దొరికిన రోజు సాయంత్రం నా దగ్గరికి వచ్చింది. సన్నగా, ఎప్పుడూ ఎవరికో దారి ఇస్తున్నట్టు పక్కకి నిలబడే మనిషి.

"సీటొచ్చిందండి టీచరుగారూ. పిల్లని ఎవరిళ్ళో ఉంచమంటారండి?" అని అడిగింది.

ఆమె నన్నే ఎందుకు అడిగిందంటే, ఏ ఇల్లు శుభ్రమో ఏది కాదో ఊళ్ళో నాకు తెలిసినంతగా ఎవరికీ తెలియదు. సర్వేలకి ఇల్లిల్లూ తిరిగేది నేనే. మంచినీళ్ళ ఫిల్టరు ఉందా, మరుగుదొడ్డి ఉందా, కిటికీలకి దోమల జాలీ ఉందా, ఇంటి చుట్టూ నీరు నిలుస్తోందా, ఇలా కాగితం మీద పద్దెనిమిది ప్రశ్నలుంటాయి. మా వీధిలో అన్నిటికీ టిక్కు పడే ఇల్లు ఒక్కటే. రిటైరైన పెద్దాయనది. భార్య పోయింది, పిల్లలు హైదరాబాదులో ఉంటారు. ఇంట్లో టీవీ, ఇన్వర్టరు, తెల్ల టైల్సు వేసిన బాత్రూము. నోట్లోంచి ఒక్క పరుషమైన మాట రాదు. వీధిలో పిల్లలంతా ఆయన్ని తాతయ్య అంటారు, కొందరు పొద్దున్నే ఆ టీవీ ముందు చేరతారు.

"ఆయనింట్లో ఉంచు. అంతకంటే మంచి ఇల్లు ఊళ్ళో లేదు" అన్నాను. ఆమె నాకు దండం పెట్టింది. ఆ దండం నేను తీసుకున్నాను.

ఆరు నెలలు బాగానే గడిచినట్టు నాకు కనబడింది. తర్వాత పిల్లకి కడుపునొప్పి మొదలైంది. నర్సమ్మ నులిపురుగుల మాత్ర ఇచ్చింది. తగ్గలేదు. మళ్ళీ ఇచ్చింది. అప్పటికీ తగ్గకపోతే తల్లి దిష్టి తీసింది, చర్చిలో ప్రార్థన చేయించింది. నేను బరువు చూశాను. కిలోన్నర తగ్గింది. దాని పాత రిజిస్టరు గళ్ళో రాసి, గుడ్లు తినిపించమని తల్లికి ఓ ఉపన్యాసమిచ్చాను. మా రిజిస్టర్లో బరువు తగ్గితే రాయడానికి గడి ఉంది. పిల్ల మాట్లాడటం తగ్గితే రాయడానికి గడి లేదు.

ఆ తర్వాత ఆయమ్మ ఒక సంగతి చెప్పింది. పిల్ల తెల్లారగట్లే వచ్చి మా సెంటరు మెట్ల మీద కూర్చుంటోందట. పాలు కాచడానికి ఆయమ్మ ఆరున్నరకి వచ్చేసరికే స్కూలు సంచీ ఒళ్ళో పెట్టుకుని ఉంటోందట.

నేనేమన్నానో కూడా చెప్పాలి. "అది ఇప్పుడు మన హాజరు పట్టీలో లేదు ఆయమ్మా. ఏదైనా దెబ్బ తగిలిందంటే మన మీదికొస్తుంది. ఆ తాతయ్యగారింటికి పంపెయ్యి" అన్నాను.

ఆయమ్మ పంపలేదు. "అలాగేనండి" అని, మర్నాటి నుంచి పిల్లని వంటగదిలో కూర్చోబెట్టుకుని మునగాకు దూయించడం మొదలుపెట్టింది. నాకు ఎదురు చెప్పకుండా తాను అనుకున్నదే చెయ్యడంలో ఆమెకి ఆమే సాటి.

ఆ నెలలోనే మాకు పిల్లల భద్రత మీద ట్రైనింగు పెట్టారు. బొమ్మల చార్టు ఒకటి ఇచ్చారు. అందులో గుబురు మీసాలు, గళ్ళ లుంగీ, ఎర్రటి కళ్ళు ఉన్న ఒకడు ఒక పిల్లకి చాక్లెట్ ఇస్తుంటాడు. కింద 'కొత్తవాళ్ళతో వెళ్ళవద్దు' అని రాసి ఉంటుంది. శనివారం మధ్యాహ్నం మా పిల్లల్నీ, ఒకటీ రెండు తరగతుల పిల్లల్నీ కూర్చోబెట్టి, చార్టు గోడకి తగిలించి, కర్రతో చూపిస్తూ గొంతు పెంచి పాఠం చెప్పాను. కొత్తవాళ్ళు పిలిస్తే వెళ్ళకూడదు. కొత్తవాళ్ళు ఏదిచ్చినా తీసుకోకూడదు.

ఒక బుడతడు చెయ్యెత్తాడు. "టీచర్, మనూళ్ళో కొత్తోళ్ళెవరండి?"

ఆలోచించాను. నాకు ఎవరూ గుర్తు రాలేదు. ఐస్‌క్రీమ్ బండివాడు కూడా మా అందరికీ బాబాయే. "ఎవరైనా వస్తే అప్పుడు చెబుతా, కూర్చో" అని కసిరాను. పిల్లలు నవ్వారు.

ఆ నవ్వుల మధ్యలోంచి ఆ పిల్ల లేచింది. అప్పటికి చాలా రోజులుగా అది నన్ను ఏమీ అడగలేదు. బొమ్మ వైపే చూస్తూ అడిగింది.

"మీసాల్లేనోళ్ళయితేనండి?"

నేను కర్ర దించాను. ఆ పెద్దాయన రోజూ నున్నగా గడ్డం గీసుకునే మనిషి. మీసం ఉంచడు. ఆ సంగతి తట్టగానే, ఎవరు, ఎప్పుడు, ఏం జరిగిందని గట్టిగా అడిగేద్దామని నోరు తెరిచాను. వంటగది గుమ్మంలోంచి ఆయమ్మ నా వైపు చూసి, నోరు మూసుకోమని కళ్ళతోనే చెప్పింది. పదిహేనేళ్ళలో నేను ఆమె మాట మొదటిసారి వెంటనే విన్నాను.

"లేనోళ్ళయినా అంతేనమ్మా. తాతయినా అంతే" అంది ఆయమ్మ. "రా, ఆకు దూద్దాం."

మిగతా పిల్లలకి నేను ఏవో పాటలు చెప్పిస్తూ కూర్చున్నాను. వంటగదిలో వాళ్ళిద్దరూ అరగంటకు పైగా మునగాకు దూశారు. ఆ పిల్ల ఏం చెప్పిందో ఇక్కడ రాయను. అది దాని సొంతం. ఆయమ్మ ఏం చెప్పిందో మాత్రం నాకు గోడ ఇవతలికి వినబడింది. "చెప్పావు కదా, మంచి పని చేశావు. నీ తప్పు కాసింత కూడా లేదు. ఇంక ఆ ఇంటికి ఎల్లక్కర్లేదు." ఆ తర్వాత ఆసుపత్రిలో డాక్టరమ్మ కూడా పిల్లతో ఈ మూడు మాటలే అంది. ఆయమ్మ ఏ ట్రైనింగుకీ వెళ్ళలేదు, ఆయాలని పిలవరు.

సాయంత్రం బస్సు దగ్గరికి నేనే వెళ్ళాను. ఆయమ్మ తానొస్తానంది. వద్దన్నాను. ఆ ఇల్లు చూపించింది నేను. చెప్పాల్సింది కూడా నేనే.

తల్లి అందరికంటే చివర దిగింది. ఐసులో నాని వేళ్ళు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి. నన్ను చూడగానే ఆమె మొహం మారిపోయింది.

"ఏంటండీ టీచరుగారూ, పిల్లకేమన్నా..."

"పిల్ల ఆయమ్మ దగ్గరుంది. బాగానే ఉంది. రా, గట్టు మీద నడుద్దాం."

నడుస్తూ చెప్పాను. ఎంత తక్కువ మాటల్లో వీలైతే అంత తక్కువలో చెప్పాను. ఆమె ఏడవలేదు. గుర్రపుడెక్క నిండిన కాలువ వైపు చూస్తూ నిలబడింది.

"మీరే కదండీ ఆళ్ళింట్లో ఉంచమన్నారు" అంది.

"అవునమ్మా. నేనే అన్నాను."

"బాత్రూముందన్నారు. మంచినీళ్ళున్నాయన్నారు."

"అన్నాను."

ఆమె నన్ను తిడితే బాగుండునని నాకనిపించింది. తిట్టలేదు. "అది నాకు చెప్పిందండి" అంది. "రెండు నెల్ల కితం. ఆ ఇంటికి ఎల్లనమ్మా అంది. సీటు పోద్దని బయ్యమేసి, మారాం చేత్తే టీచరుగారికి చెప్తానని బెదిరించానండి."

అప్పుడు మాత్రం నేను ఏడ్చాను. రోడ్డు మీద, బస్సు దిగిన ఇరవై మందీ చూస్తుండగా ఏడ్చాను. ఆమే నా చెయ్యి పట్టుకుని నడిపించుకొచ్చింది. నా జీవితంలో అంత సిగ్గుపడ్డ రోజు ఇంకొకటి లేదు.

సెంటరుకి వచ్చాక ఆమె గుమ్మం బయటే ఆగింది. "చేతులు కంపండి, కడుక్కొచ్చేత్తాను" అంది. పిల్ల ఆగలేదు, వెళ్ళి ఆ కంపులోనే తల దూర్చేసింది. తల్లి అక్కడే నేల మీద కూలబడి, "నువ్వు చెప్పావమ్మా, నేనే ఇనలేదు. ఇప్పుడు ఇన్నాను" అంది. అదే మాట నాలుగైదు సార్లు అంది. ఆయమ్మ స్టవ్ దగ్గరికి వెళ్ళి, కాచాల్సిన పని లేని పాలు మళ్ళీ కాచింది.

మా సూపర్వైజర్ మేడమ్‌కి ఫోన్ చేశాను. గొడవలెందుకంటుందేమో అనుకున్నాను. "తెలిసి చెప్పకపోతే చట్టం ప్రకారం మనదే నేరం, ఇప్పుడే చెప్పండి" అంది. హెల్ప్‌లైన్‌కి చెప్పాం. మర్నాడు పోలీసు మేడమ్ ఒకావిడ మామూలు చీరలో, యూనిఫామ్ లేకుండా, పిల్ల ఇంటికే వచ్చి పక్కన చాప మీద కూర్చుంది. పెద్దాయన్ని తీసుకెళ్ళారు. కేసు నడుస్తోంది.

ఊరు ఊరుకుంటుందా? రెండు రోజులకి పెద్దమనుషులు ఇద్దరు సెంటరుకి వచ్చారు. "పెద్ద వయసాయన టీచరుగారూ. ఇన్నేళ్ళలో ఎవరినీ ఒక్క మాటనలేదు. పిల్ల భవిష్యత్తు కూడా చూడాలి కదండీ" అన్నారు. నా నోటి దురుసు ఊళ్ళో అందరికీ తెలుసు. ఆ రోజు మాత్రం, నేనూ ఆయన్ని మంచివాడన్నదాన్నే కాబట్టి, రిజిస్టరు తెరిచి తల వంచుకున్నాను. వంటగదిలోంచి గరిటెతో సహా ఆయమ్మ వచ్చింది.

"మీ మనవరాల్ని రేపట్నించి ఆళ్ళింట్లో ఉంచుతారేటండి?" అని అడిగింది, చాలా మర్యాదగా.

వాళ్ళు టీ కూడా తాగకుండా వెళ్ళిపోయారు.

ఆసుపత్రికి పిల్లతోనూ తల్లితోనూ నేనే వెళ్ళాను. డాక్టరమ్మ చిన్న వయసామె, పిల్లతో ముందు బొమ్మల గురించి మాట్లాడింది, తాకే ముందు ప్రతిసారీ అడిగింది. అంతా అయ్యాక నన్ను బయటికి పిలిచి, "మీ వీధిలో పొద్దున అయిదు నుంచి తొమ్మిది దాకా పిల్లలు ఎక్కడుంటారు?" అని అడిగింది. నీళ్ళ గురించి, దోమల గురించి, మరుగుదొడ్ల గురించి నన్ను ఎందరో అడిగారు. ఈ మాట ఎవరూ అడగలేదు. నా కాగితం మీద పద్దెనిమిది ప్రశ్నల్లోనూ ఇది లేదు. ఒక్కో ఇల్లూ గుర్తు చేసుకుంటూ చెప్పాను, ఆమె రాసుకుంది. చెబుతూ ఉంటే నాకే తెలిసింది, మా వీధిలో ఇరవై ఏడుగురు పిల్లల్ని రోజూ ఆరు గంటలపాటు ఇరుగుపొరుగు మంచితనానికి వదిలేశామని. తల్లులది అజాగ్రత్త కాదు. బస్సు అయిదింటికి వస్తుంది, బడి తొమ్మిదింటికి తెరుస్తారు. మధ్యలో ఉన్న ఆ గంటల గురించి కంపెనీవాళ్ళూ ఆలోచించలేదు, సర్కారువాళ్ళూ ఆలోచించలేదు. చివరికి జ్వరాలు లెక్కపెట్టే నేను కూడా ఆలోచించలేదు. ఆ తర్వాతి వారం డాక్టరమ్మ నర్సమ్మని వెంటబెట్టుకుని వీధిలో తిరిగింది. ఎప్పుడూ కడుపునొప్పనే పిల్లలతో విడివిడిగా కూర్చుంది. ఇంకో పిల్ల కూడా మాట్లాడింది.

ఆసుపత్రి, స్టేషను తిరగడంలో తల్లికి అయిదు రోజుల పని పోయింది. సీటు పక్క ఊరికి వెళ్ళిపోయింది. బస్సులో ఆడవాళ్ళు కూడా మొదట్లో ఆమెతో మాట్లాడలేదు. వాళ్ళ కోపం నాకు అర్థమైంది. టీవీ ఉన్న ఇల్లు మూతబడింది, ఇప్పుడు పిల్లల్ని ఎక్కడ ఉంచాలి? మూడో రోజో నాలుగో రోజో ఒకావిడ తెల్లారగట్ల నిద్రకళ్ళ పిల్లాణ్ణి భుజానేసుకొచ్చి మా సెంటరు ముందు నిలబడింది. ఆయమ్మ తలుపు తీసింది. మర్నాటికి ఆరుగురయ్యారు. వారం తిరిగేసరికి పందొమ్మిది మంది. సెంటరు వేళలు తొమ్మిది నుంచి నాలుగు. రూల్సు నాకు కంఠతా వచ్చు. నేనూ అయిదింటికి వచ్చి, ఇది రూలు కాదని రోజూ సణుగుతూ చాపలు పరిచాను. సూపర్వైజర్ మేడమ్ ఓ పొద్దున్న వచ్చి చూసి, తాను ఇంకా రాలేదనుకోమని చెప్పి వెళ్ళిపోయింది.

ఇద్దరం చాలమని తెలుస్తూనే ఉంది. ఆడవాళ్ళే మేస్త్రితో మాట్లాడారు. ఇరవై మందిలో వంతులవారీగా రోజుకొకరు ఆగిపోయి మాతో పాటు పిల్లల్ని చూస్తారని, ఆ ఆగిన రోజుని నాగా కింద వెయ్యొద్దని అడిగారు. ఆయన నాలుగు రోజులు నాన్చి ఒప్పుకున్నాడు. ఆ తల్లి సీటు కూడా తిరిగి ఇచ్చాడు. సెంటరుకి రెండు చాపలు కొనిచ్చాడు. అందుకే మా వీధిలో ఆయన మాట ఇంకాస్త పెద్దదైంది.

పిల్ల మెల్లగా కోలుకుంది. కడుపునొప్పి ఒక్కసారిగా పోలేదు. కొన్ని రోజులు వచ్చేది, కొన్ని రోజులు వచ్చేది కాదు. ఒక రోజు రెండో తరగతి పిల్లాడితో జుట్టూ జుట్టూ పట్టుకుందని ఫిర్యాదు వచ్చింది. నేనూ ఆయమ్మా మొహాలు చూసుకుని, పైకి చాలా కోపంగా, ఇద్దరికీ గుంజీలు తీయించాం. లోపల నాకు పండగలా ఉంది.

మొన్న శ్రావణంలో మా సెంటర్లో ఆరు నెలల పిల్లాడికి అన్నప్రాశన చేశాం. కంపెనీకి సెలవు కాబట్టి ఆడవాళ్ళంతా వచ్చారు. ఆయమ్మ పాయసం వండింది. జీడిపప్పు తక్కువైందని నేనన్నాను, మీ నోట్లో పడ్డాయేమో చూసుకోమని ఆమె అంది. మేస్త్రిని కూడా పిలిచాం. ఇస్త్రీ చొక్కా వేసుకుని వచ్చి ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాడు. ఎవరో ఫొటోకి ఫోన్ తీశారు.

ఆయన చుట్టూ చూశాడు. దగ్గర్లో ఆ పిల్ల ఉంది. "ఏం బంగారం, ఇలా రా. ఒళ్ళో కూచో, ఫొటో తీయిద్దాం" అని రెండు చేతులూ చాపాడు.

పిల్ల ఆగిపోయింది. నిజం చెప్పాలి, 'వెళ్ళమ్మా, పెద్దాయన పిలుస్తున్నారు' అనే మాట నా నాలుక చివరిదాకా వచ్చింది. ఇంత జరిగాక కూడా వచ్చింది. పదిహేనేళ్ళుగా పిల్లలకి నేను చెబుతున్న మర్యాద అదే.

"ఒద్దు" అంది పిల్ల.

అక్కడున్న ఇరవై మంది ఆడవాళ్ళ సీట్లూ ఆయన చేతిలో ఉన్నాయి. మా వంతుల ఏర్పాటు ఆయన చేతిలో ఉంది. ఆయన నవ్వుతూనే, చేతులు అలాగే చాపి, "అదేంటమ్మా, ఒక్క ఫొటోకే కదా" అని తల్లి వైపు చూశాడు.

ఆమె చేతిలో పాయసం గ్లాసులు పెట్టిన పళ్ళెం ఉంది. దాన్ని కింద పెట్టింది. ఎప్పుడూ పక్కకి తప్పుకుని నిలబడే మనిషి, వచ్చి ఆయన కుర్చీకీ పిల్లకీ మధ్య నిలబడింది. గొంతు పెంచలేదు.

"ఒద్దందండి" అంది.

ఆయన మంచివాడే అయ్యుండొచ్చు. ఆ మాట మాలో ఎవరూ అనలేదు. బస్సు ఆడవాళ్ళలో ఒకావిడ లేచి వెళ్ళి తల్లి పక్కన నిలబడింది, ఆవిడ వెనకే ఇంకో ఇద్దరు. ఆయన చేతులు దించి, జేబులోంచి ఫోన్ తీసి, "సరేలేమ్మా" అన్నాడు.

ఆ పిల్ల ఇవేమీ చూడలేదు. వద్దని చెప్పేసి, అప్పటికే వెళ్ళి అన్నప్రాశన పిల్లాడి వెండి గిన్నెలో వేలు ముంచి పాయసం నాకుతోంది.